ఇది కూడా చూడు

హన్మకొండల పదకొండు గంటల ఎండ
లైబ్రరీ అద్దాల మీద బోర్ల పడ్డది.
లోపల నాలుగు కంప్యూటర్లు,
మూడింటికి పానం లేదు.
నాలుగోదానికి ఎంటర్ మీట ఇరుక్కుంటది,
గోటితోని లేపాలె.

"వరంగల్ జంపఖానల చరిత్ర" అని కొట్టిన.
కొత్తవాడ పిల్లను గదా,
అడిగితె దొరుకుతదనుకున్న.
సున్నా.
ఉత్త "జంపఖాన" అన్న. సున్నా.
ఇంగ్లీషు అక్షరాల్ల
జె తోని, జెడ్ తోని,
ఎం పక్కన పి పెట్టి, పి తీసేసి,
ఓరుగల్లు అని బతిలాడి
సున్నా, సున్నా.
మా తాత అడెపు ఓదెలు
నలభై ఏండ్లు వంగి నేసింది
లోకంల లేనే లేదు,
గీ డబ్బ మాటింటే.

మొగిలన్న వచ్చిండు,
తిరిగొచ్చిన పుస్తకాల బండి నూక్కుంట.
నా భుజం మీదికెల్లి తొంగి చూసి
"అంత పొడుగు ముచ్చట దానికెక్కది బిడ్డా,
అది చుట్టం గాదు.
మాట తోక కొయ్యి,
కోసిన కాడ చుక్క పెట్టు,
మిగిలింది అదే తెచ్చుకుంటది."
నేను బిందువు పెట్టిన.
"ఆ చుక్క గాదు, ఆకాశంల చుక్క!"

నేత అని ఆపి నక్షత్రం పెట్టిన.
నేతలందరు వచ్చిండ్రు:
జాతి నేతలు, యువ నేతలు, కార్మిక నేతలు,
మూడువందల పన్నెండు మంది,
ఖద్దరు మడత నలగకుంట.
నేసినోడు ఒక్కడు లేడు.

మొగిలన్న నవ్విండు, పండ్ల సందున పోకచెక్క.
"పేరు మీద ఎతుకకు, విషయం మీదికి పో.
మగ్గం కలుపు, రాజకీయం తీసెయ్యి."
తీసేస్తె పదకొండు మిగిలినయి.
తొమ్మిది పట్టు చీరెలు.
ఒకటి మిల్లు సమ్మె.
ఆఖరుది "వార్షిక నివేదిక", అంతే,
దేనిదో ఎవలిదో తెల్వది.
విడిచిపెట్టబోయిన.
"ఆగు, దాన్నొత్తు.
కింద నీలం గీతల మాటలున్నయి గదా,
అవ్వి దాని ఇంటిపేర్లు.
ఇంటిపేరు పట్టుకుంటె పాలోళ్లంత దొరుకుతరు."

ఒత్తిన.
మొదటిది: చేనేత.
రెండోది: జైళ్లు, పరిశ్రమలు.

వేలు మీట మీద అట్లనే ఉన్నది.
మా తాత జేలుకు పోలేదు.
పోయినోళ్లకు నేర్పనీకె పోయిండు,
సైకిలు మీద, వారానికి మూడు దినాలు,
పగలు లోపల, రాత్రి ఇంట్ల.
నాయనమ్మ ఆ సంగతి
వాడకట్టుల ఎవ్వలకూ చెప్పలే.

రెండో ఇంటిపేరు ఒత్తిన. ఇరవై ఆరు.
జంపఖానలన్ని ఆ గోడ వెనుకనే ఉన్నయి,
షత్రంజీ అని, దరీ అని, తివాచీ అని,
మా ఇంట్ల ఎన్నడు పిలువని పేర్లతోని.

నంబరు చిట్టీ మీద రాసుకొని పైకి ఎక్కిన.
తెర ఉన్నదంటది, అర లేదంటది.
అటు ఇటు చెయ్యి పెట్టి దేవులాడిన.
రెండు పుస్తకాల అవతల
వెనుకకు జారి గోడకు ఆనుకొని ఉన్నది,
అట్ట మీద బల్లి గుడ్డు పెంకు.

దిగేటప్పుడు మెట్ల కింద పాత కార్డుల బీరువ.
"కంప్యూటర్లు రాకముందు ఇదే మాకు దిక్కు,"
మొగిలన్న సొరుగు గుంజిండు.
జంగమం. జంతువులు.
ఆ తర్వాత అచ్చులేని కార్డు, వంకరటింకర రాత:

జంపఖాన
చూడు: జైళ్లు, పరిశ్రమలు

ఎవలు రాసిండ్రో.
కంప్యూటరుల ఎక్కించిననాడు
అచ్చుకొట్టినయే ఎక్కించిండ్రట,
పెన్సిలుయి ఇడిసిపెట్టిండ్రట.

కార్డు కింద రెండు వేళ్ల జాగ ఉన్నది.
నా సంచిల పెన్నున్నది గని
మొగిలన్నను పెన్సిలు అడిగిన.